పచ్చి మట్ట వాసన

కాయలు దింపే యెహెజ్కేలు కొబ్బరి చెట్టెక్కి రెండు నిమిషాలు కాలేదు, పైనుంచి పచ్చి మట్ట ఒకటి ధబ్బున పడింది. కింద నిలబడ్డ పరిశోధకురాలు ఫణిశ్రీ ఉలిక్కిపడి ఫోన్ దించింది. రాజమండ్రిలో సాయంత్రం సమావేశం. అక్కడ చూపించడానికి, ఆకు వదిలే వాయువులు పట్టడానికి సంచీ కడుతున్న ఫొటో ఒక్కటి తీసుకుందామని దారిలో అంబాజీపేట దగ్గర ఈ తోటలో ఆగింది.

"మట్టలెందుకు కొడుతున్నారండీ?" అని కింద నుంచి అరిచింది.

"ఎక్కినోణ్ణి ఉత్తినే దిగుతానేంటండి? అడ్డమొచ్చినవి కొట్టి, చెట్టు తల మీద మొవ్వు శుభ్రం చేసి దిగడం మా పద్ధతండి."

"వేసవిలో మన కొలతలప్పుడు కూడా కొట్టారా?"

"ఆయ్, కొట్టకుండా మీ సంచీ ఎక్కడ కడతానండి, నా నెత్తికా? అందులో పట్టకపోతే ఆకుల కొసలు కూడా కోసి దూర్చేవోణ్ణి."

ఆమెకు నవ్వు రాలేదు.

వేసవిలో అలా అరవై చెట్లకు సంచీలు కట్టించింది. ఆకు వదిలే వాయువులు సంచీలోంచి గొట్టం గుండా కిందికి, ల్యాబ్‌కు పంపే సీసాల్లోకి వచ్చేవి. కాయ పడుతుందని, సంచీ కట్టడం అయ్యేదాకా యెహెజ్కేలు ఆమెను తోట బయట కూర్చోబెట్టేవాడు. ఆ కొలతలతో కంప్యూటర్లో నమూనా కట్టింది. డెల్టాలోని కొబ్బరి తోటలన్నీ కలిసి గాలిలోకి ఎంత వదులుతాయో, అది ఎండలో వాహనాల పొగతో కలిసి ఊపిరికి చేటు చేసే ఓజోన్ ఎంత పుట్టిస్తుందో లెక్కవేసింది. ఎవరూ ఊహించనంత వచ్చింది. పటంలో కోనసీమ అంతా ఎర్రబడింది. ఈరోజు సమావేశంలో ప్రాజెక్టు కమిటీ దాన్ని ఆమోదిస్తేనే ఆమె ఉద్యోగం ఇంకో రెండేళ్ళు నిలుస్తుంది.

కానీ కోసిన ఆకు వదిలే వాయువు వేరు, ఎక్కువ కూడా. ఆమె కొలిచింది చెట్టు ఊపిరిని కాదు, గాయాన్ని.

కారు రావులపాలెం వంతెన ఎక్కేసరికి లోపల వాదన మొదలైంది. తెలియక జరిగిందని చెప్పుకోవచ్చు. కానీ ఆ పచ్చి వాసన రోజూ ముక్కుకు తగిలేది. ల్యాబ్ వాళ్ళ నివేదికలో గాయపడిన ఆకులు వదిలే వాయువు పేరు స్పష్టంగా ఉంది. దాన్ని తానే 'ఇతరాలు' అన్న గడిలో వేసి మొత్తంలో కలిపింది. కలిపేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నిజంగా ఆగిందా? లేక ముందే నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందన్న ఆశతో మనసు ఆ క్షణాన్ని ఇప్పుడు కల్పిస్తోందా? ఎంత తవ్వినా తేలలేదు.

ప్రాజెక్టు పెద్ద శశిభూషణ్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ఎంత తేడా వస్తుందమ్మా?" అన్నారాయన.

"తెలీదండి."

"తెలీనప్పుడు తప్పని మాత్రం ఎలా అంటావు? ముందు చూపించేద్దాం. తర్వాత సవరించుకోవచ్చు."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆ మాట తన లోపలి గొంతులాగే, అంత మెత్తగా ఉంది. అందుకే ఆమెకు భయం వేసింది.

సమావేశంలో పటం తెర మీదికి వచ్చింది. పదిమంది తలలెత్తారు. ఫణిశ్రీ లేచి నిలబడింది.

"ఇది తప్పండి," అంది. ఆకులు కోసిన సంగతి, గడి సంగతి, రెండూ చెప్పింది.

కమిటీ అధ్యక్షురాలు సత్యవాణి గారు కళ్ళజోడు తీసి హాయిగా నవ్వారు. "హమ్మయ్య! ఈ లెక్క చూసి మా ఆయన కొబ్బరి తోటను ప్రభుత్వం వాళ్ళు నరికించేస్తారేమోనని బెంగపెట్టుకున్నానమ్మా. అయితే కొబ్బరి వల్ల ఏ దోషమూ లేదని రాసేద్దామా?"

గదిలో అందరూ తేలికపడ్డారు. అవునంటే ఇక్కడితో అయిపోతుంది. మెచ్చుకుంటారు కూడా. ఆమె తల దాదాపు ఊగింది.

"అలా కూడా రాయకండి. ఉందో లేదో నాకు తెలీదు. ఆకు కోయకుండా మళ్ళీ కొలవాలండి. వేసవి దాకా ఆగాలి."

సత్యవాణి గారు నవ్వు ఆపి కళ్ళజోడు పెట్టుకున్నారు. "అప్పటికి ఈ ఉద్యోగంలో మీరుంటారా అమ్మా?"

ఫణిశ్రీ ఆ బల్ల చివర కూర్చున్న శశిభూషణ్ గారి వైపు చూసింది. ఆయన ఫోన్ చూసుకుంటున్నారు.