దిగబడే మంచాలు

పొద్దున్నే నీలవేణి చేసే మొదటి పని మంచాల కింద వంగి చూడటం. బీపీ చూడటం, మాత్రలివ్వడం, పుండ్లకు కట్లు మార్చడం అన్నీ ఆ తర్వాతే. సురంగల్ ఊరు దాటాక చామంతి తోటల మధ్య ఉన్న ఆ చిన్న దవాఖానలో పది పన్నెండు మంచాలుండేవి. పెద్ద ఆసుపత్రులు చేతులెత్తేశాక రోగులు అక్కడికి వచ్చేవాళ్లు. జబ్బు నయం కాకపోయినా నొప్పి తెలియకుండా చూడొచ్చు, ఒళ్లు శుభ్రంగా ఉంచొచ్చు, మనిషిని చివరిదాకా మనిషిలా చూడొచ్చు. నీలవేణి ఉద్యోగం అదే.

ఇక మంచాల సంగతి. కడుపులో మాట దాచుకున్న మనిషి పడుకుంటే, ఆ మంచం కోళ్లు తెల్లారేసరికి షాబాదు బండల్లోకి దిగబడి ఉండేవి, గట్టి పెరుగులో చెంచా దిగినట్టు. బండ పగలదు, బీట వారదు. మంచం మాత్రం బెత్తెడో జానెడో కిందికి పోయి ఉంటుంది. కిందికి పోయిన మంచం మీద రోగిని పక్కకు తిప్పాలంటే నర్సుల నడుములు పోతాయి కదా మరి. అందుకని ఆయా సాయమ్మ లారీ జాకీ ఒకటి సంపాదించి తలుపు వెనక పెట్టుకుంది.

జాకీతో ఎత్తితే ఆ పూటకే. మాట బయటికొస్తే గాని మంచం నిలవదు. చాలామట్టుకు అది చిన్న మాటే అయి ఉంటుంది. ఆలూరు నుంచి వచ్చిన అంతయ్య మంచం జానెడు లోతు దిగినప్పుడు, నీలవేణి ఆయన కాలిగోళ్లు తీస్తూ తీరుబాటుగా కూర్చుంది.

"ఏంది బాపు, కడుపుల ఏం పెట్టుకున్నవ్?"

"ఏం లేదు బిడ్డా. తమ్మునితోని బాయి కాడ లొల్లి పెట్టుకున్న. మాటల్లేక శానా ఏండ్లాయె. తప్పు నాదే."

తమ్ముడికి కబురంపారు. ఆయన వచ్చి తిట్టాడు, ఏడ్చాడు, ఇంటి నుంచి తెచ్చిన మటన్ కూర దగ్గరుండి తినిపించి పోయాడు. మర్నాటికి అంతయ్య మంచం మామూలుగా నేల మీద నిలబడి ఉంది.

మాట బయటికి రాకముందే మంచం పట్టె నేలకు తగిలిందంటే ఆ మనిషి పోయినట్టే. పోవడం ఎవరికైనా తప్పదు. కాని అలా పోయినవాళ్ల రెప్పలు ఎంత నొక్కినా మూతపడవు. నీలవేణి కొత్తగా చేరిన రోజుల్లో ఒక ముసలమ్మ కళ్లు తడిగుడ్డతో మూయబోయి మూయబోయి, చివరికి అలాగే సాగనంపాల్సి వచ్చింది. ఆ చూపు తల్చుకుంటే నీలవేణికి ఇప్పటికీ అన్నం సయించదు.

అందుకే తాతారావు మంచం దిగుతున్న జోరు చూసి ఆమె భయపడింది.

తాతారావుది తణుకు దగ్గర పల్లెటూరు. లెక్కల మాస్టారుగా చేసి, భార్య పోయాక కొడుకు హేమచంద్ దగ్గరకు వచ్చేశాడు. హేమచంద్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ రోజుల్లో ఆ ఉద్యోగాలున్నవాళ్లంతా గండిపేట చుట్టుపక్కల గేటు పెట్టిన కాలనీల్లో ఇళ్లు కొంటున్నారు. జొన్నచేలల్లో ప్లాట్ల హద్దుల రంగు రాళ్లు మొలుస్తున్నాయి. హేమచంద్ కూడా ఒక ఇల్లు కొని పాలు పొంగించాడు. ఏడాది తిరక్కుండానే తండ్రికి కడుపులో క్యాన్సర్ అనీ, ముదిరిపోయిందనీ తేలింది.

చేర్పించిన రోజే అతను నీలవేణిని వరండాలోకి పిలిచాడు.

"సిస్టర్, నాన్నగారికి అల్సర్ అని చెప్పామండి. ఇక్కడ ప్రకృతి వైద్యం చేస్తారని తీసుకొచ్చాం. క్యాన్సరన్న మాట ఆయన ముందు ఎత్తకండి. తట్టుకోలేరు."

"నేనై చెప్ప సార్. గాని ఆయన నన్ను అడిగితె అబద్ధం ఆడ. మా కాడ పద్ధతి అది."

"ఆయన అడగర్లెండి. ఇంకోటి, ఆ మార్ఫిన్ మాత్రలు అలవాటైపోతాయేమో."

"నొప్పి అలవాటైతదా సార్ మనిషికి? అది చూస్కుంటం, మీరు ఫికర్ చేయకుండ్రి." ఆపైన ఆమె అడిగింది. "ఇంట్లనే పెట్టుకోవచ్చు గద సార్? మేమే వ్యాన్ల వచ్చి చూస్తం."

హేమచంద్ చామంతి తోటల వైపు చూస్తూ "కొత్త ఇల్లు కదండీ" అన్నాడు.

నీలవేణికి అర్థమైంది. ఏడాది నిండని ఇంట్లో చావు కూడదు, పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లే నెలల తరబడి మూసెయ్యాలి. వాళ్ల సిద్ధాంతి ఆ మాట చెప్పి ఉంటాడు. కొత్త ఇళ్ల నుంచీ, ఓనర్లు ఒప్పుకోని కిరాయి ఇళ్ల నుంచీ వచ్చిన పెద్దవాళ్లు ఆ వార్డులో ఎప్పుడూ ఉండేవాళ్లే. అలా తెచ్చినవాళ్లను ఆమె తప్పుపట్టేది కాదు. భయం ఎవరికి లేదు గనక?

కొడుకు చెప్పినట్టే తాతారావు ఏమీ అడగలేదు. కొడుకు వస్తే మొహం నిండా నవ్వు పులుముకుని "అల్సర్ తగ్గుముఖం పట్టిందిరా" అనేవాడు. "వచ్చే నెలకి లేచి తిరుగుతారు నాన్నా" అనేవాడు కొడుకు. ఆ మాట నోట్లోంచి ఊడిపడటం ఆలస్యం, మంచం అందరి కళ్ల ముందే ఒక వేలు మందం దిగేది. సాయమ్మ రోజూ జాకీ తిప్పి తిప్పి చేతులు కాయలు కాయించుకుంది. నీలవేణి గడ్డం గీస్తూ, వీపుకు పౌడర్ రాస్తూ, ఎన్ని తీర్ల కదిపినా ఆయన నవ్వేవాడే తప్ప విప్పేవాడు కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం హేమచంద్ వచ్చేసరికి పట్టెకూ నేలకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది. జాకీ పట్టే చోటు ఎప్పుడో పోయింది. నీలవేణి బండల మీదే కూర్చుని, తడి దూదితో తాతారావు పెదవులు తుడుస్తోంది. హేమచంద్ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మొహంలో కళ వచ్చింది నాన్నా. డాక్టర్ గారు కూడా అదే అన్నారు."

కుర్చీ దిగింది. నీలవేణి చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో రోగుల మంచాలు దిగడమే ఆమె చూసింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల కుర్చీ దిగడం ఎరగదు. నాలుగు కాళ్లూ బండలో మునిగి, హేమచంద్ మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. తండ్రీకొడుకుల మొహాలు ఒకే ఎత్తులోకి వచ్చాయి. అప్పుడు పోయింది తాతారావు మొహంలో నవ్వు.

"అమ్మా నీలవేణీ, నా సంగతి సరే. ముందు వాణ్ణి లేపండమ్మా, దిగిపోతున్నాడు."

సాయమ్మ జాకీ పట్టుకుని ఉరికొచ్చింది.

"జాకీతోని కాదు సార్," అంది నీలవేణి. "మీరే లేపాలె."

తాతారావు ఆమె వైపు తిరిగాడు. "నా జబ్బేమిటమ్మా?"

"మీరేమనుకుంటున్నరు సార్?"

"క్యాన్సర్."

"అవు సార్," అంది ఆమె, ఆయన చెయ్యి పట్టుకుని.

హేమచంద్ మొహం కప్పుకున్నాడు. "ఎప్పటి నుంచి తెలుసు నాన్నా?"

"స్కాన్ తీసిన రోజే. నువ్వు కార్లో స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే, బయట చక్రాల కుర్చీలో ఉన్నవాణ్ణి, అద్దంలోంచి కనబడవట్రా? నువ్వు తట్టుకోలేవని ఏమీ తెలియనట్టున్నాను." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "ఇంటి సంగతీ తెలుసు. ఏడాది తిరగలేదు. నాకు కోపం లేదురా. నీ కూతురు తిరిగే ఇల్లది."

ఒక్కో మాటకూ కుర్చీ పైకి జరుగుతూ వచ్చి, మామూలుగా నేల మీద నిలబడింది. మంచం మాత్రం కదల్లేదు. పైపెచ్చు రెండు వేళ్ల సందు ఒక వేలయింది. నీలవేణి వంగి మళ్లీ చూసింది. చెప్పాల్సింది చెప్పేశాడు కదా, ఇంకా ఏం మిగిలింది?

"సార్, ఇప్పుడు మీకేం కావాలె?" అని అడిగింది. ఇంతమంది ఇన్నాళ్లూ ఆయన కోసం హైరానా పడ్డారు గాని, ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

"ఏం వద్దమ్మా."

పట్టె వెంట్రుక వాసి కిందికి జారింది.

"ఏం వద్దంటె మంచం ఒప్పుకుంటలేదు సార్."

"చెప్పరాదు సారూ, గింత సిగ్గేంది?" పక్క మంచం మీది నుంచి అంతయ్య కసిరాడు.

తాతారావు కొడుకు వైపు చూశాడు. "వీడింట్లో తూర్పు గది ఉందమ్మా. పాలు పొంగించిన రోజు అందులో ఎండ పడుతుంటే కాసేపు కూర్చున్నాను. ఆ గదిలో పోవాలనుంది."

హేమచంద్ బండల మీద కూలబడి, తండ్రి మెడ కింద చెయ్యి పెట్టాడు. "లేవండి నాన్నా. మనింటికి పోదాం."

మంచం లేచింది. కోళ్లు బండలోంచి మట్టి మరక కూడా లేకుండా బయటికొచ్చాయి. రోజూలా నేల మీద ఆగుతుందనుకున్నారు, ఆగలేదు. నీలవేణి మోకాళ్లు దాటింది, నడుము దాటింది. "ఫ్యాన్ తగుల్తది, ఫ్యాన్!" అని సాయమ్మ ఉరికి స్విచ్చి ఆపింది. నీలవేణి గుండెల ఎత్తున మంచం నిలిచింది, తాతారావును మోస్తూ, దేన్నీ ఆనుకోకుండా. అంతయ్య రెండు చేతులూ జోడించాడు. నీలవేణి పట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయింది. కొయ్య వెచ్చగా ఉంది. ఇంతటిది చూడటానికి తానేం పుణ్యం చేసుకుందో అనుకుంటే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

కిందికి దించుదామంటే దిగలేదు. వ్యాన్‌లో ఆ ఎత్తు పట్టదు. ఇక నడవడమే. నీలవేణి మాత్రలు, దూది, దుప్పట్లు సంచిలో సర్దుకుని కాళ్ల వైపు పట్టుకుంది. హేమచంద్ తల వైపు పట్టుకున్నాడు. పట్టుకోవడం అంటే చెయ్యి వేయడమే. వేలితో తోస్తే చాలు, మంచం సాగిపోతోంది.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కన టమాటలమ్మే ధనమ్మ బుట్ట పక్కకు జరిపి లేచింది. "ఏమైంది బిడ్డా, పోయిండా?"

"లే అవ్వా. బతికే ఉన్నడు. ఇంటికి పోతున్నడు."

"గట్లనా! మరి ఎండ గొడుతున్నది గదనే." తన బుట్టల మీది పాత గొడుగు పీకి నీలవేణి చేతికిచ్చింది.

బస్సులు పక్కకు తప్పుకుని ఆగాయి. బండ్ల మీద పోయే కుర్రాళ్లు ఇంజన్లు ఆపి, తోసుకుంటూ వెంట నడిచారు. హైదరాబాద్ పోయే దారిలో అంతసేపు ఒక్క హారన్ మోగకపోవడం వింతల్లోకెల్లా వింత. గండిపేట చెరువు కనబడగానే తాతారావు దిండుకానుకుని లేచి కూర్చున్నాడు. గాలికి ఆయన నెరిసిన జుట్టు ఎగురుతోంది.

"ఎన్ని నీళ్లురా హేమూ! కారులో పోతూ నేనెప్పుడూ ఇంత చూడలేదు."

కాలనీ గేటు దగ్గరికొచ్చేసరికి హేమచంద్ నడక మందగించింది. "అరుణకి ఫోన్ కూడా చేయలేదు సిస్టర్. ఏమంటుందో."

"పోయినంక చూద్దం, నడువుండ్రి."

తలుపు తీసే ఉంది. గుమ్మంలో హేమచంద్ భార్య అరుణకుమారి, ఆమె కొంగు పట్టుకుని కూతురు యశస్వి నిలబడి ఉన్నారు. అరుణకుమారి మంచం వైపు చూసింది, మామగారి వైపు చూసింది, మొగుడి మీద విరుచుకుపడింది.

"ఇన్నాళ్లు పట్టిందా మీకు? ఆ గది ఎప్పుడో కడిగించాను. పరుపు కింద వేసే రబ్బరు షీటు కూడా తెచ్చి పెట్టాను."

"నువ్వు భయపడుతున్నావని నేను..."

"మీరు భయపడుతున్నారని నేను నోరెత్తలేదు!"

నీలవేణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒకరిని ఒకరు కాపాడుకోబోయి ఇంటిల్లిపాదీ ఎంత పని చేశారు! తూర్పు గదిలోకి పోగానే మంచం మెల్లగా వాలి, నాలుగు కోళ్ల మీద నిలబడింది.

ఆ తర్వాత వ్యాన్ ఆ ఇంటికే వచ్చిపోయేది. నొప్పి లేవకముందే మాత్ర ఎలా ఇవ్వాలో, ఒళ్లు ఒరుసుకుపోకుండా పక్కకు ఎలా తిప్పాలో నీలవేణి దగ్గరుండి అరుణకుమారికి నేర్పింది. తాతారావు ఓపికున్నంతసేపు మనవరాలికి ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. వానలు మొదలయ్యాక, తెరిపిచ్చిన ఒక ఉదయం, కొడుకు నీళ్లు తాగిస్తుండగా ఆయన పోయాడు. కళ్లు నిద్రపోయినట్టే మూసుకుపోయాయి.

పెద్దకర్మ అయ్యాక నీలవేణి మంచం తీసుకుపోదామని వ్యాన్ వేసుకుని వచ్చింది. ఇల్లు తాళం వేసి ఉంటుందేమోనని దారి పొడుగునా అనుమానమే. తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వంటింట్లో పోపు వేగుతోంది.

"నక్షత్రం బాగాలేదు, ఆర్నెల్లు మూసేయాలన్నారండి సిద్ధాంతి గారు," అంది అరుణకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చి. "మాకు మనసొప్పలేదు. మంచం కోసం వచ్చారు కదూ?"

తూర్పు గదిలో, తాతయ్య మంచం మీద, బడి యూనిఫాం కూడా విప్పకుండా యశస్వి నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"లేపమంటారా?"

"వద్దు మేడమ్, పండుకోనియ్యుండ్రి," అని నీలవేణి బయటికొచ్చి, వ్యాన్ వెనక్కి తిప్పమంది.