పెరిగ్రిన్ అంటే పరదేశి

సౌదీలోని ధహ్రాన్‌లో నేను పనిచేసే ఇంటి పిల్లవాడి పేరు పెరిగ్రిన్. నాలుగేళ్లవాడు. ఆ పేరు నా నోటికి ఎక్కేసరికి నెల పట్టింది. ఇంగ్లీషువాళ్లలో కూడా వెతికితే తప్ప దొరకని పేరట. ఆ మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ దాని అర్థమేమిటని మేడంని అడిగాను.

లాటిన్ అనే పాత భాషలోంచి వచ్చిందట. వేరే దేశం నుంచి వచ్చినవాడు, పరదేశి అని అర్థమట. ఎప్పుడో వాళ్ల అమ్మమ్మ వంశంలో పిల్లలు వరసగా పోతుంటే ఎవరో ముసలామె ఈ పేరు పెట్టమందట. పెట్టాక బిడ్డ బతికాడట. అది చెప్పి మేడం నవ్వింది. నాకు ఒళ్లు జలదరించింది.

మా కడప వైపూ అదే చేస్తాం. పుట్టినవాళ్లు దక్కకపోతే తరవాతి బిడ్డను దర్గా దగ్గర ఫకీరు జోలెలో వేసి, పిడికెడు తవుడిచ్చి కొనుక్కుని, పకీరయ్య అని పిలుస్తాం. వీడు ఈ ఇంటివాడు కాదులే అనుకుని చావు గడప దాటకుండా పోవాలని. నాకూ ఇద్దరు పోయాకే మూడోవాడు పుట్టాడు. "బడికి పోయే పిల్లోనికి బిచ్చగాని పేరేంది మే?" అని మా ఆయన రఫీ వాడికి నౌమాన్ అని పెట్టాడు. పెద్ద తెలివి! ఇప్పుడా నౌమాన్ జ్వరంతో కడప ఆస్పత్రిలో కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు. నేనిక్కడ పరాయివాళ్ల చొక్కాలు మడతపెడుతున్నాను.

మేడం పడుకుంది. బయట దుమ్ముగాలి లేచింది. అప్పుడు బెల్ మోగింది. పాస్ లేకుండా మా కాంపౌండులోకి ఈగ కూడా రాదు. తలుపు తీస్తే ఒళ్లంతా కప్పే నల్ల అబాయాలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముఖానికి ముసుగు. అంత గాలిలోనూ ఆ అబాయా అంచు కదలడం లేదు.

"ఈ పిల్లోడెవురు?" అంది, నా వెనకే వచ్చిన పెరిగ్రిన్‌ని చూసి. అచ్చం మా కడప మాట.

"పరదేశి," అన్నాను.

అంతే, అక్కడ పిల్లవాడే లేనట్టు చూపు తిప్పేసుకుంది.

"నీకో కొడుకుండాడంట గదా?"

ఆమె ఎవరో, ఎవరికోసం వచ్చిందో అర్థమైపోయింది.

"ల్యాడు. నేనెవురినీ కన్లేదు."

"నౌమాన్?"

"వాడు నాకేమీ కాడు. ఎవురి బిడ్డో, నాకు తెల్దు."

"సరే. నువ్వు చెప్పినట్టే కానీ," అని వెనక్కి తిరిగి దుమ్ములో కలిసిపోయింది. గేటు దగ్గరి కాపలావాళ్లకు ఫోన్ చేస్తే, తాము ఎవరినీ లోపలికి పంపలేదన్నారు.

సాయంత్రం రఫీ వీడియో కాల్ చేశాడు. సంతోషంతో ఏడుస్తున్నాడు.

"జరం దిగింది మే! లేచి కూచున్యాడు. గంజి తాగినాడు. ఇదో, మాట్లాడు."

తెర మీద నా బిడ్డ ముఖం. చిక్కిపోయాడు గానీ కళ్లు తేటగా ఉన్నాయి. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"నాయినా, నేను... అమ్మను."

వాడు నన్ను చూశాడు. పక్కింటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. తరవాత మర్యాదగా ఫోన్ తండ్రి చేతికిచ్చేశాడు.

"నాయినా, ఎవురో ఆంటీ ఏడుస్తాంది," అన్నాడు.