హెలికాప్టర్‌కి ఎంతవుతుంది

ఇంట్లో వేయించి తెచ్చిన మాంసం ముక్కలు జర్మనీ దాటకముందే అయిపోయాయి. ఆ తరువాత అన్ని పూటలా డబ్బాల్లోని మాంసం ముద్ద, ఉల్లిపాయ, ఎండు సాసేజీ, వేడినీళ్ళలో కలిపే పొడి చారు. స్లొవేకియా నుంచి నార్వే దాకా కారు డిక్కీ నిండా తిండి మోసుకొచ్చారు. నార్వేలో అడుగుపెట్టాక ఓటీలియా, ఆమె భర్త వెందెలీన్ ఒక్క పూట కూడా బయట తినలేదు.

వెందెలీన్‌కు అదొక పందెం. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి, ఏ వస్తువూ పారేయకుండా బతికినవాడు. పెట్రోలు బంకులో కాఫీ ధర చూసినప్పుడల్లా ఈల వేసేవాడు. "ఓటీ, అడిగి చూడు, కాఫీతో పాటు పాలిచ్చే ఆవును కూడా కట్టి ఇస్తారేమో!" ఆమె నవ్వేది. ఇళ్ళకు కాస్త దూరంగా ఉంటే ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చు కాబట్టి బసకు ఖర్చు లేదు. స్నానం సరస్సులో. ఆ నీళ్ళు ఎముకలు కొరికేసేవి. అయినా ఆమె మునిగి లేచేది. పెళ్ళయిన కొత్తల్లో గోడకు వేలాడిన క్యాలెండర్‌లో చూసిన సముద్రపు పాయ కోసమే ఈ ప్రయాణం. ఇన్నాళ్ళకు కుదిరింది.

ఒక్క బీమా దగ్గరే మాటా మాటా వచ్చింది. వాళ్ళది పోప్రాద్, టాట్రా కొండల కిందే ఊరు. అక్కడ బీమా లేనివాడు కొండ మీద కాలు విరగ్గొట్టుకుంటే, దింపినవాళ్ళు ఆనక ఇంటికి బిల్లు పంపుతారు. కింద వాటాలో ఉండే ఇర్మాగారి అల్లుడు అలాంటి బిల్లు కట్టలేక కారు అమ్ముకున్నాడు. మెట్ల మీద ఎదురుపడితే ఆవిడ ఇప్పటికీ ఆ సంగతే ఎత్తుతుంది. అందుకే బయలుదేరే ముందు బీమా కౌంటర్ దగ్గర ఓటీలియా, "కొండ నుంచి దింపేది కూడా తీసుకుందాం" అంది.

"నలభై ఏళ్ళుగా కొండలెక్కుతున్నా. నన్ను చంకనెత్తుకుని దింపుతారా?" అంటూ వెందెలీన్ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "ఆ డబ్బుతో అక్కడ నిన్ను పడవెక్కిస్తా, సరేనా?"

పడవ రేవు దగ్గర బోర్డు చదివాక ఆయన ఈల కూడా వేయలేదు. బోర్డును ఒకసారి చూశాడు, ఒడ్డు వెంబడి కొండ మీదికి పోయే కాలిబాటను ఒకసారి చూశాడు.

"నీళ్ళు అవే కదే. పైనుంచి చూస్తే ఇంకా ఎక్కువ కనబడతాయి."

ఓటీలియా రేవులో తాళ్ళు విప్పుతున్న పడవను కాసేపు చూసి, సంచీ భుజాన వేసుకుంది.

రాత్రి కురిసిన వానకు బండలు ఇంకా తడిగానే ఉన్నాయి. చాలాదూరం ఎక్కాక, కింద లోయలో తెల్లగా చిన్న చుక్కలా పడవ కనిపించింది. ముందు నడుస్తున్న వెందెలీన్ వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. "అదిగో ఓటీ, నీ పడవ! ఇక్కణ్ణించి ఉచి..."

కాలు జారింది. నిలువెత్తు కిందికి పడ్డాడు. ఎడమ డొక్క ఒక రాయి అంచుకు కొట్టుకుంది. ఆ చప్పుడు ఆమెకు వినిపించింది.

ఆమె దిగి వెళ్ళేసరికి లేచి కూర్చున్నాడు. రక్తం లేదు. అరచేతులు దోక్కుపోయాయి, అంతే.

"పక్కటెముక," అన్నాడు ఊపిరి పట్టి. "పగుళ్ళిచ్చి ఉంటుంది. ఏం పర్లేదు."

ఆమె సంచీలోంచి ఫోన్ తీసింది.

"ఇలా ఇవ్వు."

"వెందో, నీ ముఖం సున్నం కొట్టినట్టుంది."

"ఇవ్వమన్నానా? ఎవరికి చేస్తావ్? హెలికాప్టర్‌కా? కాఫీయే అంత ఉన్నచోట హెలికాప్టర్ ఎంతుంటుందో తెలుసా? మన వాటా కప్పుతో సహా ఎత్తుకుపోతారు." ఫోన్ లాక్కుని చొక్కా జేబులో పెట్టి జిప్పు వేశాడు. "కాసేపు కూర్చుని దిగిపోదాం. ఇర్మాగారికి కొత్త కథ దొరకనివ్వను."

ఆమె ఫ్లాస్కులోని టీ పోసి ఇచ్చింది. రెండు గుక్కలు తాగాడు.

కాసేపటికి కిందనుంచి ఒక జంట కుక్కతో వచ్చారు. పసుపుపచ్చ వానకోటు వేసుకున్న ఆవిడ ఆగి, ముందు తన భాషలో, తరువాత జర్మన్‌లో అడిగింది. "మీరు బాగానే ఉన్నారా?"

వెందెలీన్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

ఆవిడ ఆ నవ్వును నమ్మలేదు. ఓటీలియా వైపు తిరిగింది. "నిజంగానేనా? ఎవరినైనా పిలవమంటారా?"

ఓటీలియాకు బడిలో నేర్చుకున్న జర్మన్ కొంత గుర్తుంది. పిలవండి అనడానికి ఒక్క మాట చాలు. పక్కన వెందెలీన్ చెయ్యి ఆమె మోచేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె కూడా నవ్వింది. "వద్దండీ. అలిసిపోయాం, అంతే."

కుక్క సాసేజీ సంచీని వాసన చూసి, యజమాని ఈల వేస్తే పరుగెత్తింది. పసుపుపచ్చ కోటు మలుపు తిరిగేదాకా ఓటీలియా అటే చూసింది.

"నటన బాగా చేశావ్," అన్నాడు వెందెలీన్.

మధ్యాహ్నానికి భుజం లాగుతోందన్నాడు. దెబ్బ డొక్కలో తగిలితే నొప్పి భుజంలో ఏమిటని తనే విసుక్కున్నాడు. మాటిమాటికీ నీళ్ళడిగాడు. ఒకసారి ఆమె భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ళు మడుచుకుపోయాయి. నుదురు తుడిస్తే చేతికి చల్లటి చెమట అంటింది.

"ఇల్లు పోతే పోనీ వెందో. ఫోనివ్వు."

"ఇల్లు పోతే నువ్వెక్కడుంటావే, నేను పోయాక?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు."

"ఊరికే అన్నాలే." కళ్ళు మూసుకున్నాడు. "చూస్తూ ఉండు, ఇంకో అరగంటలో నేనే నడిచి దిగుతా."

ఆమె కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇంటి లెక్కలన్నిటిలోనూ ఆయన మాటే నెగ్గింది. ఆ పట్టుదల వల్లే ఎవరి ముందూ చెయ్యి చాచకుండా గడిచిందని ఆమెకూ తెలుసు. ఇదీ అలాంటి లెక్కే అనుకుని, ఆయన ఛాతీ పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చుంది.

అరగంట దాటింది. ఎండ అవతలి కొండ మీదికి జరిగింది. "పడవ వెళ్ళిపోయిందా?" అన్నాడు ఆయన ఉన్నట్టుండి. పడవ ఎప్పుడో వెళ్ళిపోయింది. "నీకు టిక్కెట్టు కొన్నాను కదూ?" అన్నాడు మళ్ళీ. జేబు మీద కాపలా ఉన్న చెయ్యి జారి గడ్డి మీద పడింది.

ఓటీలియా జిప్పు లాగింది. ఆ చప్పుడుకు ఆయన పెదవులు కదిలాయి.

"ఓటీ... ముందు బేరమాడవే."

అత్యవసర నంబరు నొక్కితే, ఫోన్‌లో గొంతు జర్మన్‌లో మెల్లగా, ఓపికగా మాట్లాడింది. కదలకండి, వస్తున్నాం అంది. ఫ్లాస్కు మూత బిగించి, సంచీలోని దుప్పటి ఆయనకు చుట్టేలోగా కొండ వెనక రెక్కల చప్పుడు వినబడింది. ఇంత తొందరగా వస్తారని ఆమె అనుకోలేదు.

ఎర్ర దుస్తుల్లో దిగిన డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆయన పొట్ట తడిమింది. "ఎప్పుడు పడ్డారు?"

"పొద్దున," అంది ఓటీలియా.

డాక్టరమ్మ తలెత్తి ఆమెను చూసింది. మళ్ళీ వంగి పనిలో పడింది.

ఆసుపత్రిలో తెల్లటి గోడల గదిలో కూర్చోబెట్టారు. ఎవరో అడక్కుండానే కాఫీ తెచ్చి పెట్టారు. అది అలాగే చల్లారిపోయింది. ఆ డాక్టరమ్మే వచ్చి పక్కన కూర్చుని, తేలిక జర్మన్ మాటలు వెతుక్కుంటూ చెప్పింది. దెబ్బకు ఎడమ డొక్కలో ఉండే ప్లీహం చిట్లిందనీ, రక్తమంతా కడుపులోకి పోయిందనీ, చేయగలిగింది చేశామనీ. ఇంకాస్త ముందు పిలిచి ఉంటే అన్న మాట ఆమె అనలేదు. ఓటీలియా అడగలేదు.

ఒడిలో వెందెలీన్ చొక్కా ఉంది. ఓటీలియా దాన్ని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. ఆయనుంటే ముందుగా అడిగేదే ఆమె నోట వచ్చింది.

"హెలికాప్టర్‌కి ఎంతవుతుంది?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఓటీలియా బొటనవేలు, చూపుడువేలు రుద్ది చూపించింది.

"ఓ, అదా. ఏమీ ఇవ్వక్కర్లేదండి. కొండ మీద నుంచి తెచ్చినందుకు ఇక్కడ ఎవరినీ డబ్బులడగరు."

"మేం ఇక్కడివాళ్ళం కాదు."

"ఎవరైనా అంతేనండి."

"మేం కొండ బీమా తీసుకోలేదు."

"అయినా సరే. దాని గురించి మీరేం దిగులు పెట్టుకోకండి."

ఓటీలియా ఆమె చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"ఇంకెవరినైనా అడగండమ్మా," అంది. "ఎంతో కొంత ఉండే ఉంటుంది."