ఏడు మైకులు, ఒక వాక్యం

పిచ్చుకకి ఆ పేరు పెట్టింది పిన్ని. నాలుగేళ్లప్పుడు తల్లి పోయి, పిన్ని చంకెక్కిన కొత్తలో, అన్నం మెతుకు మెతుకు పొడుచుకు తినేదట. ఇప్పుడు ఇరవై ఏడేళ్లు నిండాయి, సౌండ్ ఇంజినీరింగ్ చదివింది, సొంతంగా ఒక రికార్డింగ్ స్టూడియో కూడా పెట్టుకుంది. పేరు మాత్రం పిచ్చుక దగ్గరే ఆగిపోయింది.

స్టూడియో అన్నామని మరీ ఊహించుకోవద్దు. పాడేవాళ్లకి ఒక గది, వినేవాళ్లకి ఒక గది, మధ్యలో రెండు పొరల అద్దం. గోడలకి బూడిదరంగు స్పాంజి. పాడే గది మధ్యలో స్టాండుకి తలకిందులుగా వేలాడుతూ ఒక పాత కండెన్సర్ మైకు. ఎవరో వాడి వదిలేస్తే కొన్నది. జాలీ ఒక పక్క చొట్టపోయింది. దాని పేరు ముసలోడు. డబ్బులొస్తే ముసలోడికి విశ్రాంతి ఇచ్చి మంచి మైకు కొనాలని పిచ్చుక మూడేళ్లుగా అనుకుంటూనే ఉంది.

వీధికి అవతల పక్క పిన్ని ఇల్లు. పిన్నిది ప్రెస్సులో ఉద్యోగం. ప్రూఫులు దిద్దే ఆయన అచ్చుకాగితం మీద కళ్లు పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా కూర్చుని అసలు ప్రతి పైకి చదవడం ఆమె పని. మాటలొక్కటే చదివితే సరిపోదు. కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి. ఇరవై ఆరేళ్లు అలా చదివాక ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. "తిన్నావా ప్రశ్నార్థకం" అనేది. కోపమొస్తే "ఇంక నాతో మాట్లాడకు ఫుల్‌స్టాప్ కొత్త పేరా" అని వంటగదిలోకి పోయేది. తప్పు కనబడితే మాత్రం ఊరుకునే రకం కాదు. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్ల ముందే శుభలేఖలో అచ్చుతప్పుకి పెన్సిల్‌తో సున్నా చుట్టిన మనిషి.

అలాంటి మనిషి గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ఆపరేషన్‌కి పన్నెండు రోజులు టైముంది. అప్పటిదాకా రోజుకి గంటకి మించి మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"గంటంటే గంటేనా, కామా, మధ్యలో ఊపిరి పీల్చుకునే టైము తీసేస్తారా?" అంది పిన్ని. డాక్టరుకి అర్థం కాలేదు. పిచ్చుకకి నవ్వొచ్చి, సగంలో ఆగిపోయింది.

ఆ సాయంత్రం పిచ్చుక ఏడవలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంజినీర్లకి దుఃఖం వస్తే ముందు దానికి పరిష్కారం వెతుకుతారు, ఏడుపు తర్వాత చూసుకోవచ్చు అన్నట్టు. పరిష్కారం దొరికింది కూడా. ఒక మనిషి చేత మూడువందల యాభై వేర్వేరు వాక్యాలు చదివించి ఇస్తే, ఆ గొంతుని తయారుచేసే ప్రోగ్రాం ఒకటుంది. తర్వాత ఏం టైప్ చేసినా ఆ గొంతుతోనే పలుకుతుంది. షరతు ఒకటే. అన్ని వాక్యాలూ ఒకే గదిలో, ఒకే మైకులో చదవాలి.

"మూడువందల యాభై వాక్యాలు, రోజుకో గంట. నాలుగు రోజుల పని పిన్నీ" అంది పిచ్చుక మర్నాడు.

"ఆపరేషనయ్యాక కూడా నన్ను వదలవన్నమాట."

"వదలను."

"సరే. ముసలోడి దగ్గర కూర్చోమంటావా?"

పిచ్చుక ముసలోడి వైపు చూసింది. చొట్ట జాలీ, పైన దుమ్ము. పాటైతే బాగా రాకపోతే రేపు మళ్లీ పాడించుకోవచ్చు. ఇక్కడ రేపనేది పన్నెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత పిన్ని గొంతు అంటే ఈ మైకు ఎంత విందో అంతే. ఇది విననిది ఇంకెప్పటికీ ఉండదు.

"వద్దు. మంచిది తెస్తాను" అంది.

మైకులు అమ్మే షాపాయన ఆమెకి కాలేజీ రోజుల నుంచి తెలుసు. బాబాయ్ అని పిలుస్తుంది.

"ఎవరికమ్మా, సింగరా?" అన్నాడాయన.

"మా పిన్నికి, బాబాయ్."

"పాడుతుందా?"

"తిడుతుంది."

"అయితే ఇది పట్టుకెళ్లు. ఎంత అరిచినా పగలదు ధ్వని."

"గుసగుసలాడితే?"

"దానికి ఇదిగో, ఇది."

"నవ్వితే?"

షాపాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అన్నిటికీ తూగేది కావాలంటే నేను చెప్పలేనమ్మా. గొంతే చెప్పాలి. ఆరు ఇస్తాను, వారం ఉంచుకో. నచ్చింది ఉంచేసి మిగతావి తెచ్చెయ్."

ఆరూ ఖరీదైన కండెన్సర్లే. కండెన్సర్ మైకు లోపల ఉల్లిపొర కంటే పలచని రేకు ఒకటుంటుంది. గాలి కదిలితే కదులుతుంది. మనిషి పెదవి విప్పేముందు చేసే చప్పుడు కూడా దానికి వినబడుతుంది. అందుకే దాన్ని ఎంచుకోవడం అంత కష్టం. ఏదీ తప్పుగా వినదు, ఒక్కోటీ ఒక్కోలా వింటుంది.

పోల్చాలంటే అన్ని మైకుల్లోనూ ఒకే వాక్యం చెప్పాలి. పకారం మైకుని ఊదినట్టు కొట్టకూడదు, సకారం బుస కొట్టకూడదు, అది చూడాలి. అలాంటి వాక్యం పిన్నే కూర్చింది, నిమిషంలో.

"పెద్ద పెట్టెలో పాత బొమ్మలు సర్ది, కామా, శబ్దం చేయకుండా తలుపు వేసింది, ఫుల్‌స్టాప్."

"పిన్నీ, కామాలూ ఫుల్‌స్టాపులూ వద్దు."

"అవి లేకుండా వాక్యం ఎక్కడ ఆగుతుందే?"

మొదటి రోజు రెండు మైకులే అయ్యాయి. రెండో రోజు మైకుకీ నోటికీ మధ్య దూరం చూశారు, జానెడు, మూరెడు. మూడో రోజు గుసగుస. నాలుగో రోజు పిన్ని కసురుకుంది, నిజంగానే.

"పెళ్లికొడుకుల్ని చూసినా ఇన్ని సంబంధాలు చూడరే. నిన్నటివాడికేం తక్కువ?"

"వాడు ముక్కుతో మాట్లాడుతున్నాడు."

"మొన్నటివాడు?"

"నువ్వు నవ్వితే ముడుచుకుపోతున్నాడు."

"నవ్వితే ముడుచుకుపోయేవాడు వద్దులే. మీ బాబాయి అంతే." పిన్ని భర్త పెళ్లయిన రెండేళ్లకే వేరే కాపురం పెట్టుకున్నాడు. ఆ విషయం ఆమె ఎప్పుడూ ఇలాగే, దారిన పోతూ రాయి తన్నినట్టు చెప్పేది.

మైకు మార్చినప్పుడల్లా రెండు మూడు నిమిషాలు పడుతుంది. కేబుల్ తియ్యాలి, కొత్తది బిగించాలి, కరెంటు ఇచ్చి అది నిలకడకి వచ్చేదాకా ఆగాలి. ఆ ఖాళీలో పిన్ని మాట్లాడేది.

"ఎర్ర లైటు వెలుగుతోందా?" అని అడిగేది ముందు.

"వెలుగుతోంది, రికార్డింగ్ ఆపలేదు. ఎందుకు?"

"ఊరికే." తర్వాత మొదలుపెట్టేది. అక్కా, అంటే పిచ్చుక తల్లీ, తనూ ఒకే గొడుగులో బడికి వెళ్లి ఇద్దరూ తడిసిపోవడం. అక్క నవ్వితే చివర్లో వచ్చే చిన్న ఎక్కిలి. అక్క పోయిన రోజు పిచ్చుక గుమ్మంలో కూర్చుని చెప్పు ఏ కాలిదో తేల్చుకోలేక రెండూ ఒకే కాలికి తొడగాలని చూడటం. పిచ్చుక అద్దం ఇవతల కూర్చుని, తెర మీద గీతలు చూస్తూ, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఊ కొట్టేది. గొంతులో కింది స్వరాలు బరువెక్కుతున్నాయా, పైన పదును ఎక్కువైందా, అదే చూసేది. కథ ఆమె చెవిలోకి వెళ్లింది. లోపలికి వెళ్లిందో లేదో చెప్పలేం.

"పిన్నీ, గంట అయిపోతోంది. వాక్యం చెప్పు" అనేది.

పిన్ని చెప్పేది. చివర్న ఫుల్‌స్టాప్ కూడా.

రోజూ పిన్ని వెళ్లిపోయాక పిచ్చుక కత్తిరింపుకి కూర్చునేది. పోలిక న్యాయంగా ఉండాలంటే ముక్కలన్నీ ఒకే పొడవుండాలి, ఒకే స్థాయిలో ఉండాలి. 'పెద్ద' అనే మాట ముందు ఏమున్నా కోసేయాలి. 'వేసింది' తర్వాత ఏమున్నా కోసేయాలి, ఫుల్‌స్టాప్‌తో సహా. వాక్యాలు ఒక చోట దాచి, మిగతాది తుడిచేసి, మెమరీ కార్డు ఖాళీ చేసి రేపటికి సిద్ధంగా పెట్టేది. కాలేజీలో నేర్పింది అదే. వాడనిది ఉంచుకుంటే ఏదో ఒక రోజు వాడాల్సింది కనబడదు.

ఆరో రోజు అసలు పరీక్ష. మైకు పేరు తెలిస్తే చెవి పక్షపాతం చూపిస్తుంది కాబట్టి, పేరు తెలియకుండా వినాలి. పిచ్చుక అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. లోపల పిన్నే ఒక్కో మైకూ బిగించి, నంబరు చెప్పి, వాక్యం చెప్పింది. ఏ నంబరు ఏ మైకో చీటీ మీద రాసుకుంది. పోలికకి ఉండాలని ముసలోణ్ణి కూడా కలిపారు. మొత్తం ఏడు.

పిచ్చుక ఏడూ విని, మళ్లీ విని, కళ్లు మూసుకుని మూడోసారి విన్నది.

"నాలుగు" అంది. "నాలుగోదే పిన్నీ. నువ్వు పక్కనే కూర్చున్నట్టుంది. ఇదేది?"

పిన్ని చీటీ మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. "గంట అయిపోయింది. రేపు చెప్తాను."

"ఒక్క మాటే కదా."

పిన్ని నోటికి తాళం వేసినట్టు చేత్తో చూపించి, చెప్పులు వేసుకుంది.

రేపు వచ్చింది గానీ పిన్ని రాలేదు. తెల్లారి ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు రావడం మొదలైంది. గడ్డ దారి మూసేస్తోందన్నారు. అప్పటికప్పుడు మెడ కింద రంధ్రం చేసి గొట్టం పెట్టారు, రెండో రోజే ఆపరేషన్ చేసేశారు. పన్నెండు రోజుల్లో నాలుగు ఎవరో కత్తెరతో కోసుకుపోయినట్టు పోయాయి. పిచ్చుక బల్ల మీద మూడువందల యాభై వాక్యాల కాగితాలు అలాగే ఉన్నాయి, ఒక్క టిక్కు కూడా లేకుండా.

చివరి పరీక్ష అయ్యాక అంతకుముందు రోజుల ముక్కలు కూడా తీసేసింది. ఆమె దగ్గరున్నవి ఏడు ముక్కలు. ఏడింట్లోనూ ఒకటే వాక్యం. ఏడుసార్లు చెప్పినా ఒక వాక్యం ఒక వాక్యమే. కార్డులోంచి తుడిచేసినవి వెనక్కి రప్పించే ప్రోగ్రాములన్నీ నడిపి చూసింది. రోజు మీద రోజు రాసిన కార్డు, ఏమీ మిగల్లేదు. ఫోను గాలించింది. పిన్ని ఫోనులో ఎప్పుడూ మాట్లాడేది కాదు, మిస్డ్ కాల్ ఇచ్చి వీధి దాటి వచ్చేసేది. ఒక్క వీడియోలో, ఎవరి పుట్టినరోజో, వెనకాల పిన్ని దగ్గు వినబడింది. ఆ దగ్గు పిచ్చుక పదిసార్లు విన్నది.

ఆపరేషనైన తొమ్మిదో రోజున పిన్నిని మామూలు గదిలోకి మార్చారు. మెడకి తెల్లటి కట్టు, ఒళ్లో పిల్లల పలక. పిచ్చుకని చూడగానే రాసింది, ప్రశ్నార్థకం ముందు వేసి మరీ.

"? తిన్నావా"

"తిన్నాను" అంది పిచ్చుక. తినలేదు.

పిన్ని కళ్లజోడు పెట్టెలోంచి చీటీ తీసి ఇచ్చింది. ప్రెస్సు వాళ్ల గుండ్రటి చేతిరాత. ఒకటి, రెండు, మూడు, వాటి పక్కన షాపాయన మైకుల పేర్లు. నాలుగు పక్కన, 'మన ముసలోడు.'

పిచ్చుక చీటీ మళ్లీ చదివింది. మొదటి రోజు స్టాండుకి వేలాడుతున్నది అదే. ఆ రోజే కూర్చోబెట్టి ఉంటే నాలుగు రోజుల పని.

"ఆ రోజే చెప్పొచ్చు కదా పిన్నీ. మర్నాటి దాకా ఎందుకు ఆగావు?"

పిన్ని పలక మీద చాలాసేపు రాసింది. చోటు చాలక తుడిచి మళ్లీ రాసింది.

"మొదటి రోజే నాకు తెలుసు, ముసలోడే చాలని. చెప్తే ఆ మూడువందల యాభై చదివించేదానివి. ఇరవై ఆరేళ్లు ఎవరెవరో రాసిందే చదివాను. ఉన్న గంట నీతో మాట్లాడదామనుకున్నాను."

తుడిచింది. మళ్లీ రాసింది.

"మాట్లాడాను కూడా. అక్క సంగతులన్నీ చెప్పాను. లైటు వెలుగుతూనే ఉందిగా. అన్నీ ఉన్నాయిగా నీ దగ్గర?"

ఈసారి ప్రశ్నార్థకం దాని చోటులోనే ఉంది.

గదిలో ఇంకో మంచం మీద ఎవరో గురక పెడుతున్నారు. పిచ్చుక ఆ గురకకి కూడా కృతజ్ఞురాలైంది, కాసేపు ఏదో ఒకటి వినబడుతున్నందుకు.

"ఉన్నాయి పిన్నీ" అంది.

పిన్ని ముఖం విప్పారింది. చెయ్యి చాపింది, వినిపించమని.

ఇలా అడుగుతుందని పిచ్చుక అనుకోలేదు. ఫోను తీసింది. ఇయర్‌ఫోన్ ఒకటి పిన్ని చెవిలో పెట్టింది, ఇంకోటి తను పెట్టుకుంది. నాలుగో ముక్క నొక్కింది, వేరే దారి లేక.

పెద్ద పెట్టెలో పాత బొమ్మలు సర్ది, శబ్దం చేయకుండా తలుపు వేసింది.

పిన్ని తన గొంతు వింటోంది. వేలు దుప్పటి మీద పెట్టుకుంది, ప్రెస్సులో చదివేటప్పుడు వరుస కింద పెట్టుకున్నట్టు. వాక్యం అయ్యాక ఒక ఊపిరి వినబడింది. ఆ ఒక్క ముక్కలో కత్తెర అరక్షణం ఆలస్యంగా పడింది. ఏదో చెప్పబోతూ పిన్ని లోపలికి తీసుకున్న ఊపిరి. అంతే. తర్వాత ఏమీ లేదు.

పిన్ని వేలు అక్కడే ఆగి, తర్వాతి మాట కోసం చూసింది. పిచ్చుక కూడా ఎదురుచూసింది, వస్తుందేమో అన్నట్టు. ఆ ఊపిరి తర్వాత పిన్ని ఏం చెప్పిందో గుర్తుతెచ్చుకోవాలని చూసింది. అప్పుడు తను పైస్వరాలు వింటోంది.

పిన్ని ఫోను వైపు చూసింది. తెర మీద ఏడు ముక్కలు, ఒక్కోటీ ఆరు సెకన్లు, అంతే. అచ్చుకాగితంలో పడిపోయిన పేరాని ఇరవై ఆరేళ్లుగా దూరం నుంచే పట్టేసిన కళ్లు అవి.

పిచ్చుక తల వంచుకుంది. "పిన్నీ" అంది.

పిన్ని ఇయర్‌ఫోన్ తీసి, తీగ చుట్టి, పిచ్చుక అరచేతిలో పెట్టింది. పలక ఒళ్లోకి లాక్కుంది. సుద్ద తీసుకుంది. తర్వాత రాసింది.

"బాగుంది"

చివర్న ఫుల్‌స్టాప్ పెట్టింది, సుద్ద విరిగేంత ఒత్తి.