ఎవరూ తిప్పని ఆకాశం

మా బావగారితో కలిసి పని చెయ్యాలంటే నా కోపాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి రావాలి. ఆయన నా భర్తకు అన్నగారు, నక్షత్రశాలలో ఆపరేటరు. గుండ్రటి హాలు మధ్యలో ఉన్న పాత యంత్రాన్ని చేత్తో తిప్పుతూ పైకప్పు మీద చుక్కలు పొడిపించడం ఆయన ఉద్యోగం. ఆ యంత్రం అరిగిపోయింది, విడిభాగాలు ఎక్కడా దొరకడం లేదు. దాని బదులు గోడ అంచున చుట్టూ ఆరు చిన్న కంప్యూటర్లు, ఆరు ప్రొజెక్టర్లు పెట్టి, ఒక్కోటీ ఆకాశంలో ఒక్కో ముక్కను చూపించేలా ప్రోగ్రాం రాసే పని నాకు వచ్చింది.

పై అధికారిని మేమందరం చాటుగా చూద్దాంసారు అంటాం. ఏమడిగినా ఆయన జవాబు అదే. ఈసారి మాత్రం ఆ మాట అనలేదు.

"మెయిన్ స్విచ్ వేస్తే ఆకాశం దానంతటదే రావాలి. ఎవరైనా కీబోర్డు ముట్టుకున్నారో, నేనొప్పుకోను. రేపు పొద్దున బడి పిల్లల ముందే చూస్తాను. రాకపోతే హాలు గోడౌనుకి ఇచ్చేస్తాం, మీ బావగారు టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటారు."

"చుక్కల దగ్గర్నుంచి తీసుకెళ్ళి చిల్లర దగ్గర కూర్చోబెడతారా?" అని కస్సుమన్నాను. బావగారు మాత్రం సరేనన్నట్టు తలూపారు. ఆయన అలా తలూపితే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

తీరా చూస్తే, మా ఇంట్లో చక్కగా వెలిగిన ప్రోగ్రాం హాల్లో నల్లమొహం వేసింది. చుక్కల బొమ్మలు, గ్రహాల బొమ్మలు, సంగీతం, అన్నీ నా ఇంటి కంప్యూటర్లోనే ఉండిపోయాయి. పెట్టెలన్నీ గుమ్మంలో వదిలేసి మనిషొక్కడే బండెక్కినట్టయింది. నన్ను నేనే తిట్టుకుని, ప్రోగ్రాంకి కావలసిన సరంజామా అంతా దానితోపాటు ఒకే మూటగా కట్టాను. ఒక కంప్యూటర్లో అది బ్రహ్మాండంగా నడిచింది. ఆ ఉత్సాహంలో దాని డిస్కును ఉన్నదున్నట్టు మిగతా అన్నిటికీ కాపీ చేసి స్విచ్ వేశాను.

ఆకాశానికి పిచ్చెక్కింది. ఒక ముక్క వెలిగితే ఇంకోటి ఆరిపోతోంది. దక్షిణాన ఉండాల్సిన చుక్కలు నాలుగు దిక్కులా కనిపిస్తున్నాయి. ఎందుకో తెలిసేసరికి తల పట్టుకున్నాను. అన్నీ ఒకే డిస్కుకు నకళ్ళు కాబట్టి అన్నిటికీ ఒకే పేరు, నెట్‌వర్కులో ఒకే చిరునామా, అన్నిటిదీ ఆ దక్షిణపు ముక్కే.

బావగారు నవ్వాపుకోలేకపోయారు. "ఆరుగురు అన్నదమ్ములకీ ఒకటే పేరు పెట్టావామ్మా? అన్నానికి పిలిస్తే ఎవరొస్తారు?"

"మీకు నవ్వులాటగా ఉందా బావగారూ? రేపు కిటికీలో కూర్చునేది మీరు!"

"కూర్చుంటే కూర్చుంటాలే. ముందు దీనికి మందేదో చెప్పు."

మందు ఉంది. ప్రతి కంప్యూటర్‌లోని నెట్‌వర్కు కార్డుకూ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు పడుతుంది. అది పుట్టుమచ్చలాంటిది, ఇంకోదానికి ఉండదు. కరెంటు రాగానే ఆ పుట్టుమచ్చ చూసుకుని, తనెవరో తేల్చుకుని, తన పేరూ చిరునామా పెట్టుకుని, తన ముక్క వెలిగించి, మిగతావాటిని పిలవమని ఇంకో చిన్న ప్రోగ్రాం రాశాను. అందరూ పలికేదాకా ఆకాశం కదలకుండా ఆగాలి. పలికాక అన్నీ కలిసి తిరగాలి.

అదంతా బావగారు శ్రద్ధగా విన్నారు. "లేస్తూనే నేనెవర్ని అని అడుగుతుందా?" అన్నారు. "మనమైతే కాఫీ అడుగుతాం."

మర్నాడు పొద్దున హాలు నిండా పిల్లలు. కుర్చీల చప్పుడు, గుసగుసలు, ఎవడో ఎవణ్ణో గిల్లిన కేక. కీబోర్డు బల్ల మీద ఉంది, నేను దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. బావగారు నా పక్కన ఉన్నారు. చూద్దాంసారు స్వయంగా వెళ్ళి మెయిన్ స్విచ్ తీసి, మళ్ళీ వేశాడు.

చిమ్మచీకటి. గోడ అంచున చిన్న ఫ్యాన్లు గుర్రుమన్నాయి. కాసేపటికి దక్షిణాన ఒక ముక్క వెలిగింది. తరవాత పడమర. ఒకదాని పక్కన ఒకటి వచ్చి, అంచుకు అంచు అతుక్కున్నాయి. తూర్పు ముక్క ఒక్కటే రాలేదు. వెలిగినవన్నీ కదలకుండా నిలబడి దాన్ని పిలుస్తున్నాయి. చూద్దాంసారు దగ్గాడు. తెలియకుండానే నా చెయ్యి కీబోర్డు మీదికి పోయింది.

బావగారు నా మణికట్టు పట్టుకున్నారు. "ఆగమ్మా. పిలుస్తున్నాయిగా, పలుకుతుంది."



తూర్పు వెలిగింది. ఆ మరుక్షణం ఆకాశమంతా, ఒక్క కుదుపైనా లేకుండా, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. పిల్లల గోల టక్కున ఆగిపోయింది. తూర్పున కొత్త చుక్కలు లేస్తున్నాయి, పడమట పాతవి దిగిపోతున్నాయి. అందులో ప్రతి వాక్యం నేను రాసిందే, ఏది ఎందుకు జరుగుతోందో నాకు తెలుసు. అయినా ఒళ్ళు గగుర్పొడిచింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను కట్టింది ఒక మూట. ఇంత ఆకాశం అందులో ఎలా పట్టిందో నాకే అర్థం కాలేదు.

చూద్దాంసారు నోరు తెరుచుకుని పైకి చూస్తూనే నా దగ్గరికి వచ్చాడు. "హాలు ఎక్కడికీ పోదు. మీ బావగారినే చూసుకోమనండి," అన్నాడు.

ఆ మాట చెబుదామని తిరిగితే బావగారు పక్కన లేరు. చీకట్లో వెతికితే, మొదటి వరసలో పిల్లల మధ్య ఖాళీ కుర్చీలో వెనక్కి వాలి కనిపించారు. వంగి చెవిలో చెప్పాను. ఆయన విన్నట్టు లేదు.

"అమ్మాయ్," అన్నారు పైకి చూస్తూనే, "వీళ్ళకి కనిపించేది ఇదా?"

"అదేంటి బావగారూ! ఇన్నేళ్ళూ చూపించింది మీరేగా?"

"చూపించాను. నా కళ్ళెప్పుడూ యంత్రం ముల్లు మీదే. తలెత్తితే చెయ్యి తప్పేది."

ఆట అయిపోయింది. పిల్లలు వెళ్ళిపోయి ఇంకో బడి పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆయన లేవలేదు. లేపడానికి నాకు మనసొప్పలేదు.