మూడు ఒత్తులు, ఇరవై లాంతర్లు

“వత్తులు మర్చిపోకు మరిదీ. ఒక్కటి తగ్గినా వీధి పరువు పోతుంది” అని మా వదిన ఫోనులో చెప్పింది. బోర్డులు రాసుకు బతికే నా చెవికి అది “ఒత్తులు” అని వినపడింది. తప్పు చెవిది కాదు, చరిత్రది. కిందటేడు ఓ దుకాణానికి “కొత్త బట్టలు” అని రాయబోయి “కొత బటలు” అని రాసి, ఆ బట్టలాయన చేత చాకిరేవు పెట్టించుకున్నవాణ్ణి.

మా వీధిలో ఎనిమిది భాషలవాళ్లం ఉన్నాం. ఏటా జరిగే లాంతర్ల ఊరేగింపులో మా వీధి ముందు నడవాలని వదిన ఊరేగింపు కమిటీ చుట్టూ మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగింది. ఈ ఏడు ఒప్పుకున్నారు. షరతు ఒకటే. ఆరింటికి లాంతర్లన్నీ వెలగాలి, లేకపోతే వెనకవీధి ముందుకొస్తుంది. బ్యానరు మీద ఒకే మాట ఎనిమిది భాషల్లో ఉంటుంది. మన తెలుగు వరుస రాసి, బ్యానరు తేవడం నా వంతు.

అయిదున్నరకు చేరాను. వీధి మొగలో ఇరవై లాంతర్లు నూనె పోసుకుని కూర్చున్నాయి. వదిన కళ్లలో వత్తులు వేసుకుని నాకోసం చూస్తోంది. వీధి మొత్తానికీ ఉన్న వత్తులు ఆ రెండేనని నాకప్పటికి తెలియదు.

“తెచ్చావా?” అంది.

“మూడు” అని గర్వంగా బ్యానరు విప్పాను. ‘అన్ని ఇళ్ల వెలుగు ఒక్కటే’ అని ఉంది. “అన్నికి ఒకటి, ఇళ్లకి ఒకటి, ఒక్కటేకి ఒకటి. లెక్క చూసుకోండి వదినా.”

ఆవిడ తిట్టలేదు. ఓ లాంతరు మూత తీసి, వత్తి లేని ఖాళీ గొట్టం నాకు చూపించింది. తిట్టినా బాగుండేది.

బజారుకు పరుగెత్తే వ్యవధి లేదు. పక్కింటి దర్జీ ఆవిడకు మన మాట ఒక్క ముక్క రాదు గానీ, వత్తి లేని లాంతరు ఏ భాషలోనైనా బోసిదే. చూసింది, లోపలికెళ్లి నూలుగుడ్డ పీలికలు తెచ్చి మోకాలి మీద పేనడం మొదలెట్టింది. అది చూసి ఎదురింటి నర్సు గాయాలకు కట్టే గాజుగుడ్డ చుట్ట తెచ్చింది. చెప్పులు కుట్టే పెద్దాయన లావు నూలుదారం తెచ్చి, అడక్కుండానే కత్తిరించాడు. నాకు పేనడం రాదు, అందించడం వచ్చు. ఆరుకు రెండు నిమిషాలుండగా ఇరవయ్యోది అంటుకుంది, కాస్త మందు వాసనతో. మా వీధే ముందు నడిచింది.

పార్కు దగ్గర ఊరేగింపు ఆగగానే, అసలేమైందని అందరూ నా చుట్టూ మూగారు. బ్యానరు మీద ‘క్క’ చూపించాను.

“మా రాతలో అక్షరం కింద వేలాడే ఈ పిల్ల అక్షరం ఒత్తు. దీపంలో కాలేది వత్తి. ఒకటికి మించితే ఒత్తులు, వత్తులు, చెవికి రెండూ ఒకటే. వదిన అది అడిగితే నేను ఇది తెచ్చాను.”

నర్సు తన భాషలో పెద్దాయనకు, ఆయన మరొకరికి చెప్పుకుంటూ పోయారు. నవ్వు ఎనిమిది విడతలుగా వచ్చింది. ఆఖరున నవ్విన దర్జీ ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

కుంచె తీసి బ్యానరు అడుగున ఇంకో వరుస రాశాను: ‘వత్తులిచ్చినవాళ్లందరికీ కృతజ్ఞతలు.’ వదిన లాంతరు దగ్గరగా పట్టి ఆ వరుసలో ఒత్తులు వేలితో లెక్కపెట్టింది.

“నాలుగు” అని అందరికీ వేళ్లు చూపించింది. “ఈసారి ఒక్కటీ తగ్గలేదు.”