బాగా ఆగుతున్నాడట

కరెంటు రంపం బండలోకి దిగగానే తెల్లటి దుమ్ము లేచి అతని మొహాన్ని కప్పేసింది. ముక్కుకు కట్టుకున్న తడిగుడ్డ అప్పుడే ఆరిపోయింది. రంపం మీద నీళ్లు పోసే గొట్టం చెడిపోయి చాలాకాలమైంది. రేపు బాగుచేయిస్తానని మేస్త్రీ అంటూనే ఉన్నాడు. వంటింటి గట్టుకు వేసే నల్లబండ అది. కోత సగానికి వచ్చేసరికి అతను రంపం ఆపి, రెండు చేతులూ బండకు ఆనించి, వంగి నిలబడ్డాడు. ఊపిరి అందాక మళ్లీ మొదలుపెట్టాడు.

పని చేస్తూ కూనిరాగాలు తీస్తాడని అక్కడ అందరూ అతన్ని పిట్ట అంటారు. ఇప్పుడు రాగాలు పోయి పేరే మిగిలింది. ఒళ్లు కూడా పేరుకు తగ్గట్టే అయింది. మెడ కింద ఎముకలు తేలి, చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతుంది. ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిదుమ్ము ఇక పోయేది కాదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు.

భోజనాల వేళ, బండలు చేరవేసే వ్యాన్ డ్రైవరు పరుగున వచ్చాడు.

"అన్నా, మన ఆల్బమ్ గురించి రాశారు! రెండు చోట్ల!"

డ్రైవరు డ్రమ్స్ వాయిస్తాడు. పిట్ట బావమరిది గిటారు. పాటలు కట్టేదీ పాడేదీ పిట్ట. టైర్ల దుకాణం వెనక గదిలో ఏళ్లతరబడి వాయించుకున్న ఆ ముగ్గురి రాక్ బ్యాండ్, చివరికి ఆ గదిలోనే రికార్డు చేసుకున్న మొదటి ఆల్బమ్ 'తలుపు తీసే ఉంది'. వెనక ఏ కంపెనీ లేదు. నెట్‌లో పెడితే ఇన్నాళ్లూ చుట్టాలు తప్ప విన్నవాళ్లు లేరు.

డ్రైవరు ఫోన్ చూసి గట్టిగా చదివాడు. మొదటి విమర్శకుడు ఆకాశానికెత్తేశాడు. 'మాట సగంలో ఆపేసి, ఆ ఖాళీలో మనల్ని ఒంటరిగా నిలబెట్టే ధైర్యం ఈ గాయకుడిది. ఈ మౌనాలు ఎంతో ఆలోచించి పెట్టినవి' అన్నాడు. రెండో ఆయన దుమ్మెత్తిపోశాడు. 'ఊపిరాడనట్టు ఈ నటనేమిటి? బాధ అరువు తెచ్చుకుంటే వచ్చేదా?' అన్నాడు.

పిట్ట నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు తెరలుతెరలుగా వచ్చి, గోడ పట్టుకుంటే గానీ నిలబడలేకపోయాడు.

"నటనంట! ఉండన్నా, నీ సంగతంతా వాడికి రాసిపడేస్తా."

"వద్దురా."

"ఏం, ఎందుకొద్దు?"

"తెలిస్తే జాలిపడతారు. జాలిపడ్డాక పాటెవడు వింటాడు? ఇప్పుడు చూడు, తిట్టినోడు కూడా చివరిదాకా విన్నాడు."

అన్నాడే గానీ, అతనికి గుచ్చుకున్నది తిట్టు కాదు, పొగడ్త. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట మొదటి వరస అతను కట్టినప్పుడు ఒక్క ఊపిరిలో సాగేది. ఎక్కడా ఆగకుండా సాగిపోయి చివర ఒక్కసారిగా వాలేది. రికార్డు చేసేనాటికి సగంలోనే గొంతు తెగిపోయింది. అతను సిగ్గుతో చచ్చిపోయి, ఆ ఖాళీల్లో గిటారు నింపమని బావమరిదిని బతిమాలాడు. "ఉండనీ బావా, బాగుంది" అన్నాడు బావమరిది.

సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాడు. భార్య అతని చొక్కా గుమ్మం బయట దులిపింది, దుమ్ము మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుని.

"రాశారంటగా. తమ్ముడు ఫోన్ చేశాడు. ఏమన్నారంట?"

"ఒకాయనేమో బాగా ఆగుతున్నానన్నాడు. ఇంకొకాయన ఊరికే ఆగుతున్నానన్నాడు."

ఆమె నవ్వలేదు. "ఎక్కడెక్కడో ఆగుతావు. ఆ పని ఆపమంటే మాత్రం ఆపవు."

వేరే పని అతనికి ఎవరూ ఇవ్వరని ఇద్దరికీ తెలుసు. అన్నం నాలుగు ముద్దలు తిని, మిగిలింది ఆమె చూడకుండా పక్కకు నెట్టి లేచాడు.

టైర్ల దుకాణం వెనక గదిలో రబ్బరు వాసన. అతను వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కూర్చుంటే తప్ప పాడలేకపోతున్నాడు. పెదవులు నీలంగా ఉండటం చూసి బావమరిది గిటారు పక్కన పెట్టబోయాడు.

"ఇవాళ వద్దులే బావా. ఇంటికి పోదాం."

"ఒక్కటి. మొదటి వరస ఆగకుండా పాడతాను. ఒక్కసారి."

గిటారు మొదలైంది. డ్రైవరు మెల్లగా డ్రమ్స్ కలిపాడు. పిట్ట కళ్లు మూసుకుని, భుజాలు పైకెత్తి గాలి పీల్చి, అందుకున్నాడు. గొంతు సన్నగా, స్వచ్ఛంగా లేచింది. సరిగ్గా ఆల్బమ్‌లో ఆగిన చోటే ఆగింది.

ఇద్దరూ చూడలేదు. అలవాటైన ఖాళీయే కదా. బావమరిది ఆ వరసే గిటారు మీద మళ్లీ వాయించాడు. అందుకుంటాడులే అని ఇంకో చుట్టు వాయించాడు. డ్రైవరు చప్పుడు తగ్గించి, పుల్లల్ని తేలిగ్గా తాకిస్తూ ఎదురుచూశాడు. పిట్ట తల గోడకు వాలి ఉంది, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"బావా?" అన్నాడు బావమరిది, వేళ్లు తీగల మీదే ఉంచి.

అతన్ని వ్యాన్ వెనక పడుకోబెట్టి తీసుకెళ్లిపోయారు, గది తలుపు వేయడం కూడా మర్చిపోయి. గదిలో లైటు వెలుగుతూనే ఉంది. కూర్చున్న మనిషి నోటికి అందేలా దించిన మైకు ఎవరూ ఆపకపోవడంతో, స్పీకర్లోంచి సన్నటి హోరు వస్తూనే ఉంది.